సిస్టర్‌ని అడగండి: ఎర్ర బటన్ ఎవరు నొక్కాలి?

29 ఏళ్ళు హైదరాబాద్ ఆసుపత్రుల ఐసీయూల్లో నర్సుగా పనిచేసి, ఇప్పుడు మంచాన పడ్డవారిని ఇళ్ళకు వెళ్ళి చూసుకునే బృందంలో ఉన్న మా సిస్టర్ ఈ నెల మూడు ఉత్తరాలకు జవాబిస్తున్నారు.

*

ప్రశ్న: సిస్టర్ గారికి నమస్తే. నా వయసు 27. మాదాపూర్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. 2021 మే నెలలో మా తాతయ్య కోవిడ్‌తో ఐసీయూలో పోయారు. చివరిసారి వీడియో కాల్‌లో చూశాం, నాలుగు నిమిషాలు. ఎవరం ఏమీ మాట్లాడలేదు, ఏడ్చాం అంతే. ఆ బాధతోనే ఇప్పుడు ముగ్గురు స్నేహితులం కలిసి ఒక యాప్ తయారుచేస్తున్నాం. చివరి దశలో ఉన్నవాళ్ళు ఇంట్లోవాళ్ళకు సందేశాలు రికార్డు చేసి దాచుకోవచ్చు, వీడియో కాల్ మాట్లాడుకోవచ్చు. 'వీడ్కోలు చెప్పండి' అని ఒక బటన్ ఉంటుంది. నొక్కితే 'జీవితం మీకు నేర్పిన పాఠం ఏమిటి?' లాంటి ప్రశ్నలు వస్తాయి. కానీ మేం చూపించిన పెద్దవాళ్ళెవరూ ఆ బటన్ నొక్కట్లేదు. ఎక్కడ తప్పు చేస్తున్నాం?
(కొండాపూర్ నుంచి ఒక పాఠకుడు)

జవాబు: బాబూ, ముందు ఆ బటన్ మీద మాట తీసెయ్యి. పదో తరగతి ఫేర్‌వెల్ బ్యానర్ మీద తప్ప 'వీడ్కోలు' అనే మాట మీ ఇంట్లో ఎప్పుడన్నా విన్నావా? మా అమ్మ గడప దాటేటప్పుడు ఏనాడూ 'పోతున్నా' అనలేదు. మేం పొరపాటున అంటే, 'పోయొస్తా అనవే' అని కసిరేది. ఫోన్ పెట్టేసేటప్పుడు ఏమంటాం? 'సరే, ఉంటా మరి' అంటాం. పోయేటప్పుడు వస్తాననీ, పెట్టేసేటప్పుడు ఉంటాననీ చెప్పే మనుషులం మనం. అలాంటి పెద్దాయన చేతికి ఆ బటన్ ఇస్తే ఎందుకు నొక్కుతాడు? తన చావు కాగితం మీద తనే సంతకం పెట్టినట్టుంటుంది.

నాలుగు నిమిషాలు అన్నావు చూడు. ఆ నాలుగు నిమిషాలకు అవతలి వైపు నేనున్నాను. మీ తాతయ్య దగ్గర కాదులే, వేరే ఆసుపత్రిలో, కానీ పని అదే. పీపీఈ కిట్టు, చేతులకు రెండు జతల గ్లవ్స్, పాలిథిన్ కవర్లో ట్యాబ్. అలా మంచం మంచానికీ తిరిగేదాన్ని. రెండు గ్లవ్స్ వేసుకుంటే స్క్రీన్ సరిగ్గా పనిచెయ్యదు. మాస్కులోంచి నా గొంతు ఇంటివాళ్ళకు వినపడదు, అలారాల మోతలో వాళ్ళ గొంతు పేషెంట్‌కి వినపడదు.

మొదటి కాల్ ఇప్పటికీ గుర్తుంది. పేషెంట్ నల్గొండ వైపు రైతు. గ్రూప్ కాల్‌లో 14 మంది. కాళ్ళ వైపే కాస్త చోటుందని అక్కడే నిలబడి ట్యాబ్ పట్టుకున్నాను. కింద నుంచి వాళ్ళకు ఏం కనపడుతుంది? ముక్కు రంధ్రాలు, నోట్లో ట్యూబు, పళ్ళ సెట్టు తీసేస్తే లోపలికి పోయిన బుగ్గలు. ఆయన భార్య చూసి, 'ఈయన మా ఆయన కాదు బిడ్డా, వేరే మంచం కాడికి పోయినట్టున్నవు' అంది. ఆమెను నమ్మించడానికి ఆయన ముంజేతి మీద పచ్చబొట్టు చూపించాల్సి వచ్చింది. అప్పటికే రెండు నిమిషాలు అయిపోయాయి.

ఆ రాత్రి తర్వాత కాల్ కలిపే ముందు కాస్త టైమ్ తీసుకునేదాన్ని. తల దువ్వేదాన్ని. కళ్ళు మూసుకునే ఉన్నా సరే కళ్ళజోడు పెట్టేదాన్ని. బొట్టు లేకుండా ఎప్పుడూ ఉండని ఆమెకు బొట్టు పెట్టేదాన్ని. ముందు మామూలు ఫోన్ చేసి, 'నోట్లో ట్యూబు ఉంటుంది, మొహం ఉబ్బి ఉంది, ట్యూబు పీక్కోకుండా చేతులు కట్టి ఉంచాం, మీరు మాట్లాడితే బదులు రాదు, అయినా మాట్లాడండి' అని చెప్పేదాన్ని. అప్పుడు వీడియో. కెమెరా చెంప పక్క నుంచి పట్టి, స్పీకర్ని చెవి పక్కన దిండుకి ఆనించి, ఒక్కొక్కళ్ళనే పిలిచేదాన్ని. చిన్నవాళ్ళు ముందు, ఎందుకంటే పెద్దవాళ్ళ ఏడుపు మొదలైతే ఇంక వాళ్ళకు నోరు పెగలదు.

మీ యాప్ చెయ్యాల్సిన పని ఇక్కడుంది. కాల్‌కి ముందు ఇంటివాళ్ళకు, ఏం చూడబోతున్నారో చెప్పే అర నిమిషం ఆడియో. నర్సుకి కళ్ళజోడు, వినికిడి మిషన్, కెమెరా ఎటువైపు అని గుర్తుచేసే రెండు లైన్లు. అంతే. లాగిన్ పెట్టకండి. ఓటీపీ అడిగితే మాత్రం నేను ఆ ట్యాబ్ పక్కన పెట్టేస్తా. ఆ ఓటీపీ వచ్చే ఫోను పేషెంట్ చెప్పులు, ఉంగరాలతో కలిపి ఒక కవర్లో ఇంటివాళ్ళకు ఎప్పుడో ఇచ్చేసి ఉంటాం.

ఇక కాల్ ఆపడం. ఆ ఎర్ర బటన్ ఎవరు నొక్కాలి? దీని గురించి మీలాంటి పిల్లలు ఎవరూ ఆలోచించినట్టు నాకు కనపడలేదు. కొడుకు నొక్కడు. కూతురు నొక్కదు. 'నువ్వు పెట్టెయ్యరా', 'నువ్వు పెట్టెయ్యి అక్కా' అనుకుంటూ ఉంటారు. ఇక్కడ పక్క మంచం అలారం మోగుతుంటుంది. చివరికి నేనే నొక్కేదాన్ని. నొక్కగానే స్క్రీన్ మీద ఏం వచ్చేదో తెలుసా? 'కాల్ ఎలా ఉంది? స్టార్లు ఇవ్వండి' అని. ఆ స్టార్లు పెట్టిన మహానుభావుడు ఎవరో గానీ ఒక్క రాత్రి నాతో డ్యూటీ చేసుంటే బాగుండేది. కొన్నాళ్ళకు ఒక పద్ధతి పెట్టుకున్నాను. 'మీరు ఉంటా మరి అని చెప్పండి, నేను పెట్టేస్తాను' అని ముందే చెప్పేదాన్ని. 'ఉంటా నాయినా', 'ఉంటా తాతా' అనేవాళ్ళు. ఆ మాట అనగలిగిన ఇంటివాళ్ళకు బటన్ బరువు ఉండేది కాదు. కాబట్టి మీ యాప్‌లో కాల్ ఆపేది ఆసుపత్రి వైపే ఉండాలి. ఆపాక తెర మీద ఏ లెక్కా, ఏ స్టారూ ఉండకూడదు.

ఇంకోటి. చివరి దశ కోసం అన్నావు. చివరి రోజుల్లో మనిషి ఎక్కువగా నిద్రలోనే ఉంటాడు. సినిమాల్లో లాగా చెల్లెలి చెయ్యి బావ చేతిలో పెట్టి, డైలాగ్ మొత్తం చెప్పి తల వాల్చడం నేను 29 ఏళ్ళలో ఒక్కసారీ చూడలేదు. నేను విన్న ఆఖరి మాటల్లో ఎక్కువ 'దిండు సరిచెయ్యి', 'ఆ లైటు తియ్యి' లాంటివే. అందుకని నీ యాప్ ఆర్నెల్ల ముందు చేతిలో ఉండాలి, చావు ఊసెత్తకుండా ఉండాలి. పైగా మన ఇళ్ళల్లో దాపరికం ఒకటి. కారిడార్లో కొడుకు పట్టుకుని, 'నాన్నకు క్యాన్సరని చెప్పకండి సిస్టర్' అంటాడు. లోపలికి వెళ్తే నాన్న, 'నాకు తెలిసిపోయిందని మావాడికి చెప్పకమ్మా, తట్టుకోలేడు' అంటాడు. ఇద్దరి మధ్యా రహస్యం మోసే కూలీ నేను. ఇలాంటి ఇంట్లో ఆయన ఫోన్‌కి 'మీ ఆఖరి సందేశం ఇంకా రికార్డు చేయలేదు' అని నోటిఫికేషన్ వస్తే ఏమవుతుందో ఆలోచించు. ఆయనకు ఎంత తెలుసుకోవాలని ఉందో ముందు ఆయన్నే అడగాలి. ఆ అడిగేది కూడా ఫోన్ కాదు, మనిషి.

జీవితం నేర్పిన పాఠం అని అడిగితే మా నాన్న అయితే ఫోన్ నీ చేతిలో పెట్టి టీ తాగడానికి పోయేవాడు. మన పెద్దవాళ్ళు ప్రేమను నేరుగా మాట్లాడరు, పని మీద పెట్టి మాట్లాడతారు. కాచిగూడలో కిరాణా కొట్టు ఆయన ఒకాయన, ఊపిరితిత్తుల క్యాన్సర్. ఇంటికి వెళ్ళి చూసేవాళ్ళం. బాకీలు తెలియాలని కొడుకు ఫోన్‌లో రికార్డింగ్ ఆన్ చేసి, ఖాతా పుస్తకం తెచ్చి ఒడిలో పెట్టాడు. ఆయన పేరు పేరునా చదువుతూ పోయాడు. 'వీడివి 600, అడుగు, ఇస్తాడు. ఈమెవి 2,000, అడగొద్దు, మొగుడు పోయిండు. వీడివి 1,150 ఉన్నయి, కొట్టెయ్. నువ్వు పుట్టిన రాత్రి కర్ఫ్యూలో మీ అమ్మని ఆసుపత్రికి రిక్షాలో తీసుకపోయింది వీడే.' 40 నిమిషాలు సాగింది ఆ రికార్డింగ్. కొడుకు బాకీల లెక్క కోసం మొదలుపెట్టాడు, మధ్యలో రాయడం ఆపేసి కూర్చున్నాడు. కాబట్టి పాఠాలు అడక్కండి. ఈ ఇల్లు కొన్నప్పుడు చుట్టూ ఏముండేది, చిట్టీ డబ్బులు ఎవరి దగ్గరున్నాయి, ఈ ఫోటోలో పక్కనున్నది ఎవరు అని అడగండి. మిగతాది వాళ్ళే చెప్పుకుంటారు.

పలకని మనిషికి మన మాట వినపడుతుందా అని అందరూ అడుగుతారు. కెనడాలో వాంకూవర్‌లోని ఒక హాస్పిస్‌లో, అంటే చివరి రోజుల్లో ఉన్నవాళ్ళను చూసుకునే చోట, ఈ విషయం మీద పరిశోధన చేసి, 2020లో ప్రచురించారు. పిలిస్తే పలకని స్థితిలో ఉన్న కొందరి మెదడు, ఆఖరి గంటల్లో కూడా, శబ్దంలో మార్పు వస్తే ఆరోగ్యవంతుల మెదడు లాగే స్పందించిందని మెదడు సంకేతాలు చూసే ఈఈజీ పరీక్షలో తేలింది. మాటల అర్థం తెలిసిందో లేదో అది చెప్పదు. శబ్దం చేరుతోందన్నంత వరకే. నాకు అది చాలు. మన ఊళ్ళో ఒకరు చెవిలో కల్మా చదవాలంటారు, ఒకరు విష్ణు సహస్రనామం పెట్టమంటారు, ఒకరు ప్రార్థన చేస్తామంటారు. ఒకావిడ అయితే మనవడి ఎక్కాలు పెట్టమంది, రోజూ సాయంత్రం చెప్పించేదట. ఇవన్నీ పట్టేంత ఖాళీ మీ యాప్‌లో ఉంచండి. 'ప్రశాంతమైన సంగీతం' అని మీరే ఏదో వేణువు పెట్టేయకండి.

కెనడాలోనే హామిల్టన్‌లో ఒక ఐసీయూలో 2013లో ఒక పని మొదలుపెట్టారు. బతకడం కష్టమని తెలిసిన ప్రతి పేషెంట్ తరఫునా మూడు చిన్న కోరికలు అడిగి తీర్చడం. దానికి ముఖ్యంగా కావాల్సింది అడిగే మనిషి. మీరు ముగ్గురూ కోడ్ రాయడం ఒక నెల ఆపండి. ఖాజాగూడలోని స్పర్శ్ హాస్పిస్‌నీ, రెడ్‌హిల్స్‌లో ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రిలో నొప్పి, బాధ తగ్గించే పాలియేటివ్ విభాగాన్నీ అనుమతి అడగండి. ఇస్తే ఒక మూల కూర్చోండి. ఫోన్లు బయటికి తియ్యకండి. నీళ్ళు పట్టమంటే పట్టండి. తర్వాత బటన్ మీద ఏం రాయాలో మీకే తెలుస్తుంది. నన్నడిగితే 'మాట్లాడదాం' చాలు.

*

ప్రశ్న: సిస్టర్, మావారికి 61. ఆర్టీసీలో డ్రైవర్‌గా చేసి రిటైరయ్యారు. గొంతుకు రంధ్రం చేసి ట్యూబు పెట్టారు, ఐసీయూలో పది రోజులైంది. స్పృహ ఉంది. మాట రాదు. చేతుల్లో బలం లేక రాయలేరు. పెదవులు కదుపుతారు, మాకు అర్థం కాదు, కోపమొచ్చి గోడ వైపు తిరిగిపోతారు. అబ్బాయి ట్యాబ్‌లో ఏదో యాప్ వేశాడు, అన్నీ ఇంగ్లీషు అక్షరాలే. ఈయన చదివింది తెలుగులో ఏడో తరగతి. ఎక్కువ రోజులు లేవని డాక్టర్లు అంటున్నారు. ఆయన ఏం చెప్పాలనుకుంటున్నారో తెలియకుండానే పోతారేమోనని టెన్షన్‌గా ఉంది.
(మల్కాజిగిరి నుంచి ఒక సోదరి)

జవాబు: అమ్మా, మొదట డాక్టర్‌ని ఒక మాట అడగండి. ట్యూబుకి మాట్లాడే వాల్వ్ పెట్టడం మావారికి కుదురుతుందా అని. కొందరికి కుదురుతుంది, గొంతు వస్తుంది. వెంటిలేటర్ మీద ఎంత ఆధారపడ్డారన్న దాన్నిబట్టి వాళ్ళే చెప్తారు.

కుదరదంటే ఒక అట్ట, ఒక నల్ల స్కెచ్ పెన్ తెచ్చుకోండి. 1985లో స్టీఫెన్ హాకింగ్‌కి న్యుమోనియా వచ్చి ఇలాగే గొంతుకు రంధ్రం చేస్తే, కంప్యూటర్ చేతికొచ్చేదాకా ఆయన మాట్లాడింది అట్ట మీదే. ఎవరో అక్షరాలు చూపిస్తూ పోతే, కావాల్సిన అక్షరం దగ్గర కనుబొమ్మ ఎత్తేవాడు. ఆయనది ఇంగ్లీషు, 26 అక్షరాలతో సరిపోయింది. మనకు గుణింతాలు, ఒత్తులు కలిపి అట్ట నింపితే పేషెంట్ కళ్ళు తిరుగుతాయి. అందుకని నేను నా డ్యూటీల్లో ఒక చిన్న చార్టు చేసుకున్నాను. 25 అక్షరాలే.

మొదటి వరస అ ఇ ఉ ఎ ఒ. రెండోది క గ చ జ. మూడోది ట డ త ద న. నాలుగోది ప బ మ. ఐదోది య ర ల వ. ఆరోది స శ హ ళ. అంతే. దీర్ఘాలు లేవు, ఒత్తులు లేవు, గుణింతం లేదు. ఘ, ఝ లాంటివాటిని మంచాన పడ్డ మనిషి ఎవరూ అడగరు. పెద్ద అక్షరాలతో, మధ్యలో ఖాళీ వదిలి రాయండి. ముందు 'అవును'కి ఒక గుర్తు ఆయనతోనే పెట్టించండి. కళ్ళు గట్టిగా మూయడమో, కనుబొమ్మ ఎత్తడమో. మామూలు రెప్పపాటు వద్దు, అది దానంతటదే పడుతుంది. కళ్ళజోడు పెట్టండి. 'మొదటి వరసా? రెండో వరసా?' అని వేలు పెట్టి నెమ్మదిగా అడగండి. అవునన్న వరసలో అక్షరాలు ఒక్కొక్కటీ చదవండి. వచ్చిన అక్షరం కాగితం మీద రాయండి, గుర్తుంటుందిలే అనుకోవద్దు. న, ళ వచ్చాయంటే నీళ్ళేనని మీకే తెలుస్తుంది. 'నీళ్ళు కావాలా వద్దా?' అని మాత్రం అడగకండి, దానికి అవునంటే ఏ అవునో తెలియదు. ఒకసారి ఒకటే ప్రశ్న, ఒకసారి ఒకరే మనిషి. పావుగంటకు మించి వద్దు, అలసిపోతారు. అట్ట వెనక నొప్పి, చలి, కఫం తియ్యండి, పక్కకు తిప్పండి, భయంగా ఉంది అని రాసి పెట్టుకోండి. మందుల మత్తులో ఒక్కోసారి పొంతన లేని అక్షరాలు రావచ్చు. అప్పుడు మానేసి సాయంత్రం మళ్ళీ ప్రయత్నించండి.

ఒక రిటైర్డ్ మాస్టారు ఈ చార్టు మీద గ, డ, య, ర అన్నారు. టైమ్ అడుగుతున్నారేమోనని నేను గోడ గడియారం చూపించాను. కోపంగా కళ్ళు మూసుకున్నారు. భార్య వచ్చి చూసి అయ్యో అంది. ఆబిడ్స్‌లో రిపేరుకిచ్చిన చేతి గడియారం తెచ్చుకోవడం మరిచిపోయారట. ఆ మధ్యాహ్నమే వెళ్ళి తెచ్చింది. మర్నాడు మనవడిని చూపు తోనే పిలిచారు. ఆవిడ వాడి చేతికి కట్టింది, వాడి మణికట్టుకి వదులైపోయి మోచేతి దాకా జారింది. మాస్టారి మొహంలో నవ్వు నేను ఆ ఒక్కసారే చూశాను. కాబట్టి మీవారు అడిగింది చిన్న విషయంలా కనపడినా, బండి తాళమో, డిపోలో ఎవరికో ఇవ్వాల్సిన 200 రూపాయలో, తీసిపారేయకండి. ఆ పని చేసి వచ్చి, చేశామని ఆయనకు చెప్పండి.

*

ప్రశ్న: మా నాన్నగారికి 78, గుండె జబ్బు ముదిరింది, ఇంట్లోనే ఉన్నారు. డల్లాస్‌లో ఉన్న మా అన్నయ్య నాన్న పాత వాయిస్ నోట్స్ అన్నీ పంపమంటున్నాడు. ఏఐతో ఆయన గొంతు తయారుచేయిస్తాడట, తర్వాత కూడా మాట్లాడుకోవచ్చట. నాకు ఎందుకో మనసొప్పట్లేదు. నాది చాదస్తమా?
(తార్నాక నుంచి ఒక పాఠకురాలు)

జవాబు: చాదస్తం కాదు తల్లీ. గొంతు దాచడం వేరు, గొంతు చెయ్యడం వేరు. కండరాలు చచ్చుబడే జబ్బులుంటాయి, మాట పోతుందని ముందే తెలుస్తుంది. వాళ్ళు తమ గొంతు రికార్డు చేసి పెట్టుకుంటే, తర్వాత టైప్ చేసింది వాళ్ళ గొంతులోనే పలుకుతుంది. 2023లో ఆపిల్ ఫోన్లలో కూడా ఈ సదుపాయం పెట్టారు, మొదట ఇంగ్లీషుకే. అక్కడ మాట్లాడేది ఆ మనిషే, మాటలు ఆయనవే. మీ అన్నయ్య చేయిస్తానంటున్నది అది కాదు, మీ నాన్నగారు అనని మాటలు ఆయన గొంతుతో అనిపించడం. కొందరికి అది ఊరటే కావచ్చు, నేను కాదనను. కానీ ఆయన ఇంకా పక్క గదిలోనే ఉన్నారు కదా, ఈ మాట ఆయనతో ఎవరూ అనలేదా?

మీ అన్నయ్య తప్పు కూడా పెద్దగా లేదులే. దూరాన ఉన్నవాళ్ళకు చేతికి పనేదీ దొరకదు, అందుకే ఇలాంటివి పట్టుకుంటారు. అతనికి వేరే పని ఇవ్వండి. మన ఆదివారం పొద్దున ఫోన్ చేసి, నాన్న ఇడ్లీ తింటున్నంత సేపూ పక్కన పెట్టుకోమనండి, ఏం మాట్లాడకపోయినా సరే. పాత వాయిస్ నోట్స్ మాత్రం ఈ వారమే రెండు చోట్ల కాపీ చేసి పెట్టండి, ఫోన్ పాడైతే పోతాయి. నాన్నగారి నంబరుకి రీఛార్జి ఆపకండి. వాడకుండా వదిలేస్తే కొన్ని నెలలకు ఆ నంబరు ఇంకొకరి చేతికి వెళ్తుంది. ఎప్పుడో మీరు అలవాటుగా ఫోన్ చేస్తే ఎవరో హలో అంటారు.

తర్వాత టీ ఇచ్చి నాన్న పక్కన కూర్చుని అడగండి. 'నాన్నా, అన్నయ్య నీ గొంతు మిషన్‌తో చేయిస్తాడట, ఏమంటావు?' అని. నవ్వుతారో, తిడతారో, చేసుకోనీ అంటారో. ఏమన్నా సరే, అది రికార్డు చేసి మీ అన్నయ్యకు పంపండి.